కటారు పక్కన తుపాకి గొట్టం

ప్రశ్న: సార్ నమస్తే. ఎనకటి రాజులకాడ ఒక్క కటారే పొడిస్తె కత్తి, ఒత్తితె తుపాకి అయ్యేదని మా తాత అనేటోడు. ఇది చెప్తె మా దోస్తులు నవ్వుతున్నరు, మీ తాత కోతలు కోసిండు అంటున్నరు. అసొంటిది నిజంగ ఉండెనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ తాత కోతలు కొయ్యలే తమ్మీ, ఉండె. కటారు పిడి మామూలు కత్తి లెక్క ఉండదు గదా, రెండు పక్కల రెండు కమ్ములు ముంజేతి దిక్కు వస్తయి, నడుమ అడ్డకమ్మి పట్టుకొని గుద్దినట్టే పొడుస్తరు, అంటే పిడికిలి ఎటు చూస్తె మొన అటే. గందుకే కత్తి అలుగుకు అటొకటి ఇటొకటి పొట్టి పిస్తోలు గొట్టాలు బిగిస్తె చెయ్యి తిప్పకుండనే గురి కుదురుతది. ట్రిగ్గర్లు పిడికాడనే. ఇసొంటియి 18, 19 శతాబ్దాలల చేసిండ్రు, మందు అంటించెటందుకు కొన్నిటికి చెకుముకి రాయి, తర్వాతవాటికి సుత్తి పడితె పేలే చిన్న టోపీ. వత్తి తుపాకి అయితె నిప్పు పట్టుకొని తిరగాలె, కటారుకు అదేం కుదురుతది!

గొడ్డలికి గొట్టం పెట్టినయి గూడ ఉన్నయి. నాకైతె డాలే నచ్చింది. డాలు మీద నాలుగు బొడిపెలుంటయి సూడు, వాటికి మూతలు పెట్టి లోపల నాలుగు పిస్తోళ్లు దాచిండ్రు.

మరి లడాయిల పనికొచ్చిందా అంటె నాకు నమ్మకం లేదు. గొట్టానికి ఒక్కటే దెబ్బ. మన నల్లగొండ దిక్కు సాయుధ పోరాటం నాటి భర్మార్లు (నాటు తుపాకులు) ఎరికున్నోళ్లను అడుగు, మూతిల మందు పోసి గుండేసి కడ్డీతోటి దట్టించుడు ఎంత సేపో చెప్తరు, ఈ కటారుకేమో పక్కనే పదును అలుగు, తొందరల చెయ్యి కోసుకునుడే. గొట్టం పొట్టిది, దూరం పోదు, బరువు జాస్తి. బంగారు పని చేసినయి చూస్తె దర్బారు షోకే అనిపిస్తది. అమెరికాల గూడ ఎల్గిన్ అనేటాయన 1837ల కత్తి పిస్తోలుకు పేటెంట్ తీస్కుంటె వాళ్ల నేవీ ఒక 150 కొని చూసి ఆడికే ఆపింది. మామూలు సిపాయికి తుపాకి మూతికి బయోనెట్ అనే కత్తి తగిలించుడే సులువాయె.

దోస్తులను ఒకసారి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకు తీస్కపో, ఆయుధాల గ్యాలరీల పాత కత్తులు, తుపాకులు దగ్గర నుంచి చూస్తె మీ తాత మాట సమజైతది. శుక్రవారం పోకుండ్రి, ఆ రోజు బంద్.