సమాధానం: 1968లో మాంటెకార్లో గెలిచింది ఎవరు?

కారు రేసుల్లో 1968 మాంటెకార్లో విజేత ఒకచోట విక్ ఎల్ఫర్డ్ అని, ఇంకోచోట గ్రాహం హిల్ అని ఉంది, విజేతల పట్టికలో ఏది రాయాలని అడిగారు కదా. రెండూ నిజమేనండీ, పోటీలే వేరు. మే నెలలో హిల్ గెలిచింది మొనాకో గ్రాండ్ ప్రీ, అంటే మాంటెకార్లో వీధుల్లో జరిగే ఫార్ములా వన్ రేసు. జనవరిలో ఎల్ఫర్డ్ పోర్షే 911తో గెలిచింది మాంటెకార్లో ర్యాలీ, మంచు పడ్డ కొండదారుల్లో. ఇద్దరూ ఇంగ్లండ్ వాళ్లే కావడంతో తికమక ఇంకా పెరిగింది. ర్యాలీకి విడిగా ఒక వరుస పెట్టుకోండి, సరిపోతుంది.

ఎల్ఫర్డ్ వరుస మాత్రం పొడుగ్గానే ఉంటుంది. ర్యాలీ అయిన వారానికే అమెరికాలో డేటోనా 24 గంటల రేసు గెలిచిన జట్టులో ఉన్నాడు. మేలో ఇటలీలోని సిసిలీ దీవిలో టార్గా ఫ్లోరియో రేసు: చక్రం ఇబ్బంది పెట్టి మొదట్లోనే సుమారు 18 నిమిషాలు పోయినా, తోటి డ్రైవర్ మాలియోలితో కలిసి గెలిచేశాడు. నన్నడిగితే అతని రేసుల్లో అదే గొప్పది. జులైలో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో, వానలో, తన తొలి ఫార్ములా వన్ రేసులోనే నాలుగో స్థానం.