అమ్ముతారేమో, అమ్ముతారట, అమ్ముడుపోయారు

సందేహం: ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బును యజమానులు అమ్మేస్తారని చాలాకాలంగా వార్తలు చదువుతున్నాను. ఒకే విషయాన్ని ఒకరు 'ఊహాగానాలు' అంటారు, ఇంకొకరు 'వదంతులు' అంటారు, మరొకరు 'పుకార్లు' అంటారు. మూడింటికీ తేడా ఉందా? మొన్న 'జట్టు అమ్ముడుపోనుందా?' అన్న శీర్షిక చూసి, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి 'వీళ్లు డబ్బు తీసుకుని మ్యాచ్ ఓడిపోతారా అమ్మా?' అని అడిగాడు. పొరబడింది వాడా, శీర్షిక పెట్టినవాళ్లా?

సమాధానం: మీ అబ్బాయి పొరబడలేదమ్మా. వాడి చెవికి తెలుగు బాగా పట్టింది. వాడి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

'అమ్ముడుపోవు' సరుకుకు సంబంధించిన క్రియ. పుస్తకాలు అమ్ముడుపోయాయి, టికెట్లు అమ్ముడుపోయాయి, స్థలం ఇంకా అమ్ముడుపోలేదు అంటాం. ఎవరు అమ్మారన్న ఊసు అందులో ఉండదు. గిరాకీ తగిలిందా లేదా అన్నంతవరకే దాని పని. ఆ క్రియనే మనిషికి తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. 'సాక్షి అమ్ముడుపోయాడు', 'అంపైర్ అమ్ముడుపోయాడు' అంటే డబ్బుకు లొంగి ధర్మం తప్పాడని నింద.

జట్టు అనే మాట ఈ రెంటికీ మధ్యన ఉంది. వ్యాకరణం దాన్ని వస్తువులాగే చూస్తుంది. 'జట్టు గెలిచింది' అంటాం, 'జట్టు గెలిచారు' అనం. చదివేవాడి మనసులో మాత్రం మెదిలేది పదకొండుమంది మనుషులు. అందుకే 'జట్టు అమ్ముడుపోయింది' అనగానే మ్యాచ్ ఫిక్సింగ్ ముందు గుర్తొస్తుంది, యాజమాన్యం మార్పు తర్వాతెప్పుడో తడుతుంది. ఏ పాపమూ ఎరగని ఆటగాళ్ల మీద మచ్చ పడేలాంటి మాట వాడకూడదని నా గట్టి అభిప్రాయం. ఆటగాళ్ల వేలంలో 'ఇంతకు అమ్ముడుపోయాడు' అనడం అందరికీ అలవాటైపోయింది. పక్కనే ధర ఉంటుంది కాబట్టి అపార్థానికి చోటు తక్కువే. అక్కడ కూడా 'ఫలానా జట్టు దక్కించుకుంది' అంటేనే నాకు బాగుంటుంది.

అసలు చేతులు మారేది యాజమాన్యం, అంటే వాటాలు. ఆటగాళ్ల ఒప్పందాలు క్లబ్బుతోనే ఉంటాయి. యజమాని మారిన మర్నాడు కూడా అదే గోల్‌కీపర్ అదే గోల్ ముందు నిలబడతాడు. 'క్లబ్బు చేతులు మారుతుందా?' అని ఉంటే మీ అబ్బాయికి ఆ అనుమానం వచ్చేదే కాదు.

ఇక ఊహాగానం, వదంతి, పుకారు. నిఘంటువులు ఒకదానికి ఇంకొకటి అర్థంగా ఇచ్చినా వీటి పుట్టుక వేరు. ఊహాగానం పుట్టేది ఆలోచనలో. యజమాని అప్పుల్లో ఉన్నాడు, షేరు ధర పడుతోంది, స్టేడియం బాగుచేయడానికి డబ్బు తీయడం లేదు. ఇవన్నీ కలిపి చూసి 'ఇక అమ్మేస్తాడేమో' అనుకోవడం ఊహాగానం. అది ఒక్కోసారి హద్దు దాటుతుంది. కొనేవాడు తేలలేదు, ధర తేలలేదు, కొత్త కోచ్ పేరు మాత్రం రాసేస్తారు. 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నది ఇలాంటి వార్తలకు అతికినట్టు సరిపోతుంది.

వదంతి నోటినుంచి నోటికి నడిచేది. సంస్కృతంలో 'వదంతి' అంటే 'చెబుతున్నారు' అని క్రియాపదం. ఎవరు చెబుతున్నారో ఉండదు, ఆ లోటే మాటకు ప్రాణం. పుకారు మనకు ఉత్తరాది నుంచి వచ్చింది. హిందీలో, ఉర్దూలో 'పుకార్' అంటే కేక, పిలుపు. తెలుగులోకి వచ్చేసరికి నమ్మదగని ప్రచారం అనే అర్థం స్థిరపడింది. పుకారు అన్నామంటే 'నేను దీన్ని నమ్మడం లేదు' అని మన తీర్పు కూడా చెప్పేసినట్టే. నిజమో కాదో తేలని దశలో విలేకరి ఆ మాట వాడితే తొందరపడ్డట్టు.

ఏది వాడాలో తేలకపోతే నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. వాక్యం చివర '-ఏమో' పెట్టి చూడండి, తర్వాత '-అట' పెట్టి చూడండి. 'అమ్ముతారేమో' అతికితే అది ఊహాగానం, మాట నాది. 'అమ్ముతారట' అతికితే వదంతి, నేను విన్నది. ఆ 'అట'ను చప్పరిస్తూ పలకాల్సి వస్తే పుకారు. మనం పలికే వాక్యం చివరనే విన్నదేదో, అనుకున్నదేదో విడదీసి చెప్పే సౌకర్యం తెలుగులో ఇంత చిన్న ప్రత్యయంలో ఉంది. దీన్ని మనం పోగొట్టుకుంటున్నామని నాకు బెంగ.

పత్రికల భాషలో 'అట' దాదాపు కనబడదు. సినిమా కబుర్ల వాసన వస్తుందని దాన్ని పక్కన పెట్టారు. ఆ చోట 'సమాచారం', 'తెలుస్తోంది' కూర్చున్నాయి. 'క్లబ్బును అమ్మనున్నట్టు తెలుస్తోంది.' ఎవరికి తెలిసింది? ఎలా తెలిసింది? విన్న మాటకు తెలిసిన మాట వేషం వేసినట్టుంది. 'అట' ఎప్పుడూ అలా చేయదు. విన్నదాన్ని విన్నట్టే చెబుతుంది.

నేను ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే రోజుల్లో ఒక రాత్రి, సింగిల్ కాలమ్ వార్తకు 'క్లబ్బును అమ్ముతారట' అని శీర్షిక వచ్చింది. కాలమ్‌లో ఒక అక్షరం ఎక్కువైంది. పేజీ పెడుతున్న మిత్రుడు చివరి 'ట' తీసేసి 'ర'ను 'రు' చేశాడు. 'క్లబ్బును అమ్ముతారు' చక్కగా ఇమిడింది. వ్యాకరణం ఎక్కడా చెడలేదు కనుక నా కంటికి తప్పు ఆనలేదు. పొద్దున్న అచ్చయిన పేజీ చేతిలోకి తీసుకుంటే, ఎవరో అన్న మాట మేము చెప్పిన మాటైపోయింది. పోయింది ఒక్క అక్షరమే. అప్పటినుంచీ ప్రూఫులో క్రియ చివర వేలు పెట్టి చదవడం అలవాటు చేసుకున్నాను.

'అమ్ము' క్రియకు ఉన్న రూపాలు కూడా ఇక్కడ బాగా పనికొస్తాయి. 'అమ్మజూస్తున్నారు' అంటే ప్రయత్నంలో ఉన్నారు. 'అమ్మబోతున్నారు' అంటే నిర్ణయం అయిపోయింది. 'అమ్మవచ్చు' అన్నదానికి రెండర్థాలు. అమ్మే వీలుందనీ కావచ్చు, అమ్మడానికి అనుమతి ఉందనీ కావచ్చు. అందుకే వార్తల్లో దాన్ని తప్పించడం మంచిది.

నిజంగా జరిగినవాటితో సరిచూద్దాం. 2022 నవంబరులో, గ్లేజర్ కుటుంబం చేతిలో ఉన్న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ బోర్డు ఒక ప్రకటన చేసింది. కొత్త పెట్టుబడి, అమ్మకం, ఇతర లావాదేవీలు, అన్ని ప్రత్యామ్నాయాలనూ పరిశీలిస్తామంది. ఏ లావాదేవీ అయినా జరిగి తీరుతుందన్న హామీ లేదని కూడా అంది. ఆ మర్నాడు రాయదగిన వాక్యం 'గ్లేజర్ కుటుంబం క్లబ్బును అమ్ముతుందేమో'. 'అమ్మబోతోంది' అని రాస్తే తప్పు. చివరికి 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ చేతికి వచ్చింది పావు వంతుకు కాస్త ఎక్కువ వాటా, పెత్తనం గ్లేజర్లదే. అది వాటా అమ్మకం. దాన్ని క్లబ్బు అమ్మకం అనకూడదు.

లండన్ క్లబ్బు చెల్సీ సంగతి వేరు. 2022 మార్చి 2న యజమాని అబ్రమోవిచ్ తానే అమ్ముతున్నానని ప్రకటించాడు. ఆ క్షణంనుంచి అమ్మకం విషయంలో '-ఏమో'కు, '-అట'కు పని లేదు. ఊహలూ వదంతులూ అన్నీ కొనేవాడి మీదికి మళ్లాయి: ఎవరు కొంటారట, ఎంతకు కొంటారట? మే నెలాఖరుకు అమెరికా పెట్టుబడిదారు టాడ్ బోలీ, పెట్టుబడి సంస్థ క్లియర్‌లేక్ క్యాపిటల్ కలిసిన బృందం కొనడంతో వాటికి తెర పడింది.

బేరం కుదరడం వేరు, అమ్మకం పూర్తికావడం వేరు. అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌ను కొనడానికి 2025 మార్చిలో ఒప్పందం కుదిరింది. ఆ జట్టు ఆడే లీగ్ ఆమోదం వచ్చింది ఆగస్టులో. ఆ మధ్య అయిదు నెలలూ 'అమ్మేశారు' అనకూడదు, 'బేరం కుదిరింది, ఆమోదం రావాలి' అనాలి.

ఒక చిన్న సంగతి, క్రియల జత గురించి. పుకార్లు షికార్లు చేస్తాయి, వదంతులు వ్యాపిస్తాయి, ఊహాగానాలు సాగుతాయి. 'యజమాని ఊహాగానాలను ఖండించాడు' అని రాస్తుంటారు. ఖండించడానికి ఎదుట ఒక వాదనో ఆరోపణో ఉండాలి. ఊహను కొట్టిపారేస్తాం, పుకారును ఖండిస్తాం.

మీరు చదివిన శీర్షికను దిద్దమంటే, యజమానులు ఇంకా నోరు విప్పని స్థితిలో నేను 'క్లబ్బు చేతులు మారుతుందేమో!' అని పెడతాను. ఎవరో లోపలివాళ్లు విలేకరికి చెప్పి ఉంటే 'క్లబ్బును అమ్మజూస్తున్నారట' అని పెడతాను. కాలమ్‌లో పట్టకపోతే 'క్లబ్బును' తీసేస్తాను, 'ట'ను మాత్రం ఉంచుతాను.