ప్యాడ్ కొనివ్వండి, ర్యాంకుతో ముడిపెట్టకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. పొద్దస్తమానం బల్ల మీద, కంచం మీద వేళ్లతో దరువు వేస్తుంటాడు. ఫోన్‌లో ఫింగర్ డ్రమ్మింగ్ వీడియోలు, అంటే రబ్బరు ప్యాడ్ల మీద వేళ్లతో డ్రమ్స్ వాయించేవి చూసి, డెబ్బై వేలు దాటే ప్యాడ్ మెషీన్ కావాలని పట్టుబట్టాడు. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు తెస్తే కొనిస్తానన్నాను. అనుకున్నంత రాలేదు. ఇప్పుడు కొనివ్వాలా? కొంటే ఏది కొనాలి, సాఫ్ట్‌వేర్ ఏది? ఇందులో భవిష్యత్తు ఉంటుందా? ‘రేపు బరాత్ ముందు డప్పు కొడతాడా’ అని మా బావమరిది నవ్వుతున్నాడు.

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలానే ఉన్నా భయం ఒక్కటే. వీడు చేతికి రాకుండా పోతాడేమోనని. ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ ఇది నా దగ్గరికి వస్తుంది. ఒక ఇంట్లో కెమెరా, ఇంకో ఇంట్లో గేమింగ్ కంప్యూటర్, మీ ఇంట్లో ప్యాడ్. అందుకే ముందు దీనికే జవాబు చెప్తాను. లయ తప్పకుండా టిక్‌టిక్‌మనే మెట్రోనోమ్ పెట్టుకుని ఒకే దరువును గంటసేపు సాధన చేసే పిల్లవాడు చెడిపోతున్నట్టు కాదు, కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటున్నట్టు. నాకు టెన్షన్ పెట్టేది గంటల కొద్దీ వీడియోలు చూస్తూ, ఏమీ వాయించని పిల్లలు. మీవాడు కంచం మీదైనా వాయిస్తున్నాడు.

ఇక మీరు వేసిన బేరం. ర్యాంకు తెస్తే కొనిస్తానన్నారు. దాంతో ర్యాంకూ పోయింది, ప్యాడూ పోయింది, వాడు రెండుసార్లు ఓడిపోయినట్టయింది. పిల్లవాడికి ఇష్టమైన దాన్ని పరీక్షకు తాకట్టు పెడితే చదువు మీద ప్రేమ పెరగదు, మీ మీద కోపం పెరుగుతుంది. కొనే స్తోమత ఉంటే ఉందని, లేకపోతే లేదని సూటిగా చెప్పండి. దాన్ని ర్యాంకుతో ముడిపెట్టకండి.

మీ బావమరిది మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆ మాట ఉత్తరంలో రాశారంటే, వాడి ముందు కూడా అనే ఉంటారు. మన జిల్లాలో బోనం కదలాలన్నా, బతుకమ్మను సాగనంపాలన్నా, జాతరకు జనం లేవాలన్నా డప్పు మోగాల్సిందే. మంట దగ్గర చర్మాన్ని కాచి, బిగువు చూసుకుని, ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టి గంటల తరబడి లయ తప్పకుండా కొట్టే మనిషికి ఉన్న విద్య మన ఇళ్లలో ఎంతమందికి ఉంది? ఆ విద్యను చిన్నచూపు చూసే ఇంట్లో పెరిగే పిల్లవాడు, తనకు వచ్చిన లయను కూడా దాచుకోవడం నేర్చుకుంటాడు. దయచేసి ఆ నవ్వు ఆపించండి.

భవిష్యత్తు సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. ఫింగర్ డ్రమ్మర్ అనే ఉద్యోగం లేదు. వీడియోల్లో మెరుపు వేగంతో వేళ్లు ఆడించేవాళ్లలో చాలామందికి అసలు సంపాదన పాఠాలు చెప్పడం మీద, రికార్డు చేసిన శబ్దాల మూటలు (శాంపిల్ ప్యాక్‌లు) అమ్మడం మీద, కంపెనీలు ఇచ్చే ప్రచారం మీద వస్తుంది. తప్పిన దెబ్బలను కంప్యూటర్‌లో సరిగ్గా తాళానికి జరిపి, నాలుగైదు టేకులు అతికించిన వీడియోలూ ఉంటాయి. అవి చూసి పిల్లలు తమ చేతులే బాగోలేవనుకుంటారు. మన దగ్గర పెళ్లి ఆర్కెస్ట్రాల్లో డబ్బులొచ్చేది కర్రలతో కొట్టే ఆక్టోప్యాడ్‌కు. 1985లో రోలాండ్ తెచ్చిన ఆ ఎనిమిది ప్యాడ్ల వాద్యం దారి వేరు, చేతి అలవాటు వేరు.

ఇంకో అనుమానం కూడా ఉంది. మామూలు బీటును ఇప్పుడు సాఫ్ట్‌వేరే వేస్తోంది. 2013లోనే లాజిక్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో దరువు తానే వేసే డ్రమ్మర్ అనే సదుపాయం వచ్చింది. 2022లో వచ్చిన ఈజీడ్రమ్మర్ 3 అనే డ్రమ్ సాఫ్ట్‌వేర్‌కు మీ గిటార్ ట్రాక్ ఇస్తే, దానికి సరిపోయే దరువులు అదే చూపిస్తుంది. కాబట్టి నాలుగు రకాల బీట్లు వేగంగా కొట్టగలగడం రేపు తిండి పెట్టదు. పాటకు ఏ దరువు నప్పుతుందో తెలిసిన చెవికే పని దొరుకుతుంది. సినిమా టైటిల్స్‌లో రిథమ్ ప్రోగ్రామింగ్, కీబోర్డ్ ప్రోగ్రామింగ్ అని పేర్లు పడేవాళ్లకు ఉండేది ఆ చెవి. వాళ్లకు తాళం తెలుసు, స్వరం తెలుసు, మిక్సింగ్ తెలుసు. ప్యాడ్ వాళ్ల చేతిలో ఒక పనిముట్టు.

అందుకే లక్షలు కట్టించుకుని, కొన్ని నెలల్లో మ్యూజిక్ ప్రొడ్యూసర్‌ను చేస్తామనే కోర్సుల దగ్గర ఆగండి. పాత విద్యార్థులు ఎక్కడ పని చేస్తున్నారో అడిగి, ఇద్దరితో మీరే మాట్లాడాకే డబ్బు కట్టండి. సౌండ్ మీద నిజంగా మనసుంటే సినిమా విద్య నేర్పే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. రెండింటికీ ముందు డిగ్రీ కావాలి కాబట్టి, ఇప్పుడు చేరే డిగ్రీ వృథా అవుతుందన్న బెంగ వాడికీ వద్దు. హైదరాబాద్‌లో ఉంటే రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో మృదంగం నేర్చుకోవచ్చు. ప్యాడ్ పక్కన ఒక గురువు ఉండటం నా లెక్కలో ఏ సాఫ్ట్‌వేర్ కన్నా విలువైనది.

ఇప్పుడు కొనుగోలు. ఆ డెబ్బై వేల మెషీన్ కంప్యూటర్ లేకుండా పనిచేస్తుంది, అందుకే ఆ ధర. ప్యాడ్లు మాత్రం అవే 16, నాలుగు వరుసల్లో నాలుగేసి. 1988లో రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ కంపెనీ ప్యాడ్ మెషీన్ ఎంపీసీ 60 నుంచి ఉన్న అమరికే అది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే అకాయ్ ఎంపీడీ 218 చాలు. 16 ప్యాడ్లు, యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు, ఖర్చు వాడు అడిగిన డబ్బులో చిన్న భాగం. వాడికి బాణీల మీద కూడా ఆసక్తి ఉంటే ఎంపీకే మినీ చూడండి. ప్యాడ్లు ఎనిమిదే, కానీ 25 కీలుంటాయి. రంగురంగుల లైట్లు చూసి లాంచ్‌ప్యాడ్ మినీ మాత్రం కొనకండి. దానికి 64 ప్యాడ్లున్నా, మెల్లగా తట్టినా గట్టిగా కొట్టినా ఒకే మోత. ముందే రికార్డు చేసిన ముక్కలను (లూపులు) నడపడానికి అది బాగానే ఉంటుంది, దరువులో ప్రాణమంతా దెబ్బ బరువులో ఉంటుంది కాబట్టి దీనికి పనికిరాదు. వేలి బరువును మంచి ప్యాడ్ 1 నుంచి 127 వరకు అంకెగా మార్చి పంపుతుంది. స్నేర్ (డ్రమ్ కిట్‌లో చురుగ్గా మోగే చిన్న డ్రమ్) మీద 30 దగ్గర నాలుగు చిన్న తట్లు, 115 దగ్గర ఒక్క దెబ్బ వేసి చూడమనండి. తేడా మీకే వినిపిస్తుంది.

ఇలా ల్యాప్‌టాప్‌కు తగిలించే ప్యాడ్‌లో శబ్దం ఉండదు, శబ్దమంతా సాఫ్ట్‌వేర్‌దే. మొదట్లో ఏమీ కొనకండి. ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 ఉచితం, స్టీవెన్ స్లేట్ డ్రమ్స్‌కు ఉచిత వెర్షన్ ఉంది. వీటిని నడపడానికి రీపర్ లాంటి రికార్డింగ్ ప్రోగ్రామ్ కావాలి, దాన్ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. సుపీరియర్ డ్రమ్మర్ 3 అనే పెద్ద డ్రమ్ సాఫ్ట్‌వేర్ గురించి వాడు అడుగుతాడు. దాని శబ్దాల పూర్తి లైబ్రరీ 230 జీబీ పైనే, 256 జీబీ ల్యాప్‌టాప్‌లో పట్టదు. ఆ మాటతో ఆ చర్చ ముగించొచ్చు.

పిల్లలు మొదటి వారంలోనే నిరాశపడే చోట్లు రెండున్నాయి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) శబ్దం రావాల్సిన ప్యాడ్ కొడితే ఇంకేదో మోగుతుంది. ఒక్కో శబ్దానికి ఒక నోట్ నంబరు ఉంటుంది, ప్యాడ్ పంపే నంబరు, సాఫ్ట్‌వేర్ ఎదురుచూసే నంబరు ఒకటి కాకపోవడమే కారణం. కిక్‌కు 36, స్నేర్‌కు 38, మూసిన హైహ్యాట్‌కు (జంట తాళాలు) 42 అని పెడితే సరిపోతుంది. రెండోది ఆలస్యం. విండోస్‌లో శబ్దాన్ని నడిపే మామూలు డ్రైవర్‌తో వాయిస్తే వేలు పడ్డాక గానీ శబ్దం రాదు. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, శబ్దాన్ని కొద్దికొద్దిగా కూడబెట్టి పంపే బఫర్ అనే సెట్టింగ్‌ను 128కి తగ్గించమనండి. అప్పుడు బఫర్ వల్ల పడే ఆలస్యం 3 మిల్లీసెకన్లే. చెవిలో మాత్రం తీగ ఉన్న హెడ్‌ఫోనే ఉండాలి. బ్లూటూత్‌తో డ్రమ్స్ నేర్చుకోవడం కుదరదు, ఎంత సాధన చేసినా దరువు వెనకబడినట్టే వినిపిస్తుంది, తప్పు తన చేతిదే అనుకుంటాడు.

చేయి కాస్త కుదిరాక వాడికి ఒక పని చెప్పండి. మీ ఊళ్లో డప్పు కళాకారుడిని అడిగి, ఆయన శ్రమకు డబ్బిచ్చి, డప్పు దెబ్బలు ఒక్కొక్కటిగా రికార్డు చేయాలి. సిర్ర నడుమ పడ్డది, పుల్ల అంచున పడ్డది, చర్మం కాచాక ఒకసారి, చల్లారాక ఇంకోసారి. సితాలా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటిని 16 ప్యాడ్ల మీద పరచుకోవచ్చు. డ్రమ్ ప్యాకేజీల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ కిట్లే. మిర్యాలగూడ డప్పు వాడి ల్యాప్‌టాప్‌లో ఉంటే, రేపు పనికోసం ఏ స్టూడియోకు వెళ్లినా వినిపించడానికి తనదంటూ ఒకటి ఉంటుంది. ఆ రికార్డింగ్‌కు మీరూ వెంట వెళ్లండి, వీలైతే మీ బావమరిదిని కూడా తీసుకెళ్లండి.

రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకున్నా బల్ల మీద టపటప చప్పుడు వస్తుంది, ప్యాడ్ కింద మడిచిన దుప్పటి వేస్తే తగ్గుతుంది. బిల్లు, అట్టపెట్టె దాచి ఉంచండి. ఏడాది తర్వాత వాడికి ఆసక్తి పోతే సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేయండి, డబ్బులు తగలేశావని మాత్రం అనకండి. ఆసక్తి నిలిస్తే, అప్పుడు మళ్లీ రాయండి. ఆ పెద్ద మెషీన్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.