ఐసోలేషన్ అంకె తక్కువే, మరి ప్లేఆఫ్స్‌లో అందరూ అదే ఎందుకు ఆడతారు?

ప్రశ్న: నమస్తే సార్. పర్లాకిమిడిలో ఒక హైస్కూల్లో పి.ఇ.టి.గా చేస్తున్నాను, సాయంత్రాలు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. అమెరికా ఎన్‌బీఏ లీగ్ ప్లే టైప్ లెక్కలు (ఏ రకం ఆటకి ఎన్ని పాయింట్లు వచ్చాయో చెప్పేవి) చూస్తుంటే ఫాస్ట్ బ్రేక్‌కి (అవతలివాళ్లు కుదురుకోకముందే పరిగెత్తి దాడి చేయడం), కట్స్‌కి (బంతి లేకుండా రింగ్ వైపు దూసుకెళ్లి పాస్ అందుకోవడం) ఒక్కో పొసెషన్‌కి, అంటే బంతి చేతికొచ్చిన ఒక్కో విడతకి, పాయింట్లు ఎక్కువ, ఐసోలేషన్‌కి (బంతి ఉన్నవాడు ఒక్కడే తన డిఫెండర్‌తో తలపడటం) తక్కువ. అలాంటప్పుడు సీజన్ చివరి నాకౌట్ దశ, ప్లేఆఫ్స్, రాగానే పెద్ద టీములు ఐసోలేషన్‌కే ఎందుకు దిగుతాయి? 2018 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ టీమ్ గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడింది అందుకేనా? మా పిల్లలు అప్పటి హ్యూస్టన్ స్టార్ హార్డెన్ వీడియోలు చూసి ఎవరికి వారే ఆడతామంటున్నారు. వద్దని చెప్పడానికి నాకో లెక్క కావాలి.

జవాబు: మాస్టారూ, ముందు ఆ పట్టిక దేన్ని లెక్కపెడుతుందో చూడండి. పొసెషన్ ఎలా ముగిసిందో అదే రాస్తుంది. చివరికి షాట్ ఎవరు వేశారు, ఫౌల్ ఎవరికి దొరికింది, బంతి ఎవరి చేతిలోంచి పోయింది, అంతే. హార్డెన్ ఒక్కడే తన డిఫెండర్‌ని దాటి లోపలికి వెళ్లాడనుకోండి, కార్నర్‌లో ఉన్నవాణ్ని వదిలేసి ఇంకో డిఫెండర్ హెల్ప్‌కి వచ్చాడు, హార్డెన్ వెంటనే ఆ కార్నర్‌కే పాస్ ఇచ్చాడు, అక్కడివాడు త్రీ (మూడు పాయింట్ల షాట్) వేశాడు. ఆ మూడు పాయింట్లు ఐసోలేషన్ వరసలో పడవు, స్పాట్ అప్ (నిలబడ్డ చోటే పాస్ అందుకుని షాట్ వేయడం) వరసలో పడతాయి. వంట ఒకరు చేస్తే పేరు వడ్డించినవాడికి వచ్చినట్టు. పిక్ అండ్ రోల్ (సహచరుడు డిఫెండర్‌కి అడ్డు నిలబడి, అంటే స్క్రీన్ పెట్టి, తర్వాత రింగ్ వైపు కదలడం) సంగతీ అంతే.

కట్స్ అంకె అంత బాగుండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రింగ్ వైపు పరిగెత్తినవాడికి పాస్ అందితేనే అది కట్‌గా నమోదవుతుంది, పాస్ రాని పరుగు ఏ లెక్కలోకీ రాదు. ఐసోలేషన్ అలా కాదు, ఏదీ కుదరక షాట్ క్లాక్‌లో (షాట్ వేయడానికి ఇచ్చే గడువులో) నాలుగైదు సెకన్లు మిగిలినప్పుడు వేసే కష్టమైన షాట్లు చాలావరకు దాని ఖాతాలోకే పోతాయి. కాబట్టి కట్స్‌కి 1.2 పైన, ఐసోలేషన్‌కి 0.9 దగ్గర అని చూసి అన్నీ కట్సే ఆడేద్దాం అంటే కుదరదు.

ఇక ప్లేఆఫ్స్. ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి, ఎవరి ప్లే ఏంటో అవతలి కోచ్‌కి కంఠతా వచ్చేస్తుంది. అందరూ ముందే వెనక్కి పరిగెత్తి ఫాస్ట్ బ్రేక్ ఆపేస్తారు, స్క్రీన్ పెట్టగానే డిఫెండర్లు మనుషుల్ని మార్చుకుంటారు, అంటే స్విచ్. స్విచ్ సరిగ్గా పడితే స్క్రీన్‌తో ఖాళీ దొరకదు. మిగిలేది ఒక్కటే, చురుకైన గార్డు ముందు నెమ్మదిగా కదిలే పొడుగువాడు చిక్కుకోవడం. ఆ సమయానికి ఐసోలేషన్ ఆడకపోతే ఇంకేం ఆడతారు? మీరడిగిన 2018 వెస్ట్ ఫైనల్లో (లీగ్ సెమీఫైనల్ లాంటిది) నాకు బాగా ఆసక్తిగా అనిపించేది ఇదే. పాస్‌ల మీద, తమ గార్డు కర్రీ స్క్రీన్‌ల చుట్టూ తిరిగే పరుగుల మీద బతికే గోల్డెన్ స్టేట్‌ని కూడా హ్యూస్టన్ స్విచ్‌లతో కట్టిపడేసింది, దాంతో వాళ్లూ తమ స్టార్ డురాంట్ చేతికి బంతి ఇచ్చి ఒన్ ఆన్ ఒన్ ఆడాల్సి వచ్చింది.

హ్యూస్టన్ ఓటమి దగ్గరికొస్తే, ఆ సీజన్లో 65 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ అది, లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఐసోలేషన్ ఆడిందీ అదే. హార్డెన్ ఐసోలేషన్ అంకె పొసెషన్‌కి 1.2 దాకా ఉంది, అంటే మిగతావాళ్ల కట్స్‌తో సమానం. ఏడో మ్యాచ్ (మనకి మే 29 పొద్దున) సగానికి 54-43తో ముందున్నారు. ఆ తర్వాత త్రీలు పడలేదు, మ్యాచ్ మొత్తం మీద 44 వేస్తే పడింది 7, మధ్యలో వరసగా 27 మిస్. 92-101తో ఓడారు. సీజన్లో వాళ్ల త్రీల సగటు సుమారు 36 శాతం, ఆ లెక్కన 16 పడాలి. తొమ్మిది త్రీలు, 27 పాయింట్లు! మిస్సైన వాటిలో కొన్ని రీబౌండ్లయి పాయింట్లు తెచ్చే ఉంటాయి, అయినా ఓడింది 9 పాయింట్లతోనే కదా. పైగా తొడ కండరం పట్టేసి వాళ్ల ఇంకో గార్డు క్రిస్ పాల్ ఆరు, ఏడు మ్యాచ్‌లు ఆడలేదు, డిఫెన్స్‌ని కదిలించే రెండో మనిషి లేడు. నన్నడిగితే తప్పు ఐసోలేషన్‌ది కాదు, ఆ భారమంతా ఒక్కడి మీద పడటానిది.

మీ పిల్లలతో వద్దని అనకండి. హెల్ప్ వచ్చిన క్షణం పాస్ వెళ్లాలని చెప్పండి, వెళ్లకపోతే బెంచ్ మీద కూర్చోబెట్టండి. హార్డెన్ అంకె హార్డెన్‌దే, మీ తొమ్మిదో తరగతి అబ్బాయిది కాదు.

ప్రశ్న: రాయగడ కాలేజీ అమ్మాయిని, టీమ్‌లో పాయింట్ గార్డుని. ఇంటర్ కాలేజ్ నాకౌట్స్ ముందు మా ఆటని ఇలా లెక్కకట్టుకోవాలని ఉంది. సాఫ్ట్‌వేర్ లేకుండా అవుతుందా?

జవాబు: అవుతుందమ్మా. ఒక ఫోన్ ఎత్తు మీద పెట్టి మ్యాచ్ మొత్తం రికార్డ్ చేయండి, తర్వాత తాపీగా చూసి రాయండి. ఎన్‌బీఏ పట్టికలోలా పదకొండు రకాలు పెట్టుకోవద్దు, ఫాస్ట్ బ్రేక్, పిక్ అండ్ రోల్, ఒన్ ఆన్ ఒన్ (అంటే ఐసోలేషన్), పోస్ట్ (రింగ్ దగ్గర డిఫెండర్‌కి వీపు పెట్టి ఆడటం), స్పాట్ అప్, కట్ చాలు. మీ షాట్ మిస్సై రీబౌండ్ మళ్లీ మీకే దొరికితే కొత్త వరస మొదలుపెట్టండి. తెలుగులో రాసినా ఒడియాలో రాసినా ఫర్వాలేదు కానీ అన్ని మ్యాచ్‌లకీ ఒకే మనిషి రాయాలి, ఎందుకంటే ఒకరికి పిక్ అండ్ రోల్ అనిపించింది ఇంకొకరికి ఒన్ ఆన్ ఒన్ అనిపిస్తుంది.

పైన మాస్టారికి చెప్పిన చిక్కు నీ పట్టికలో రాకుండా ఇంకో గడి గీయి, డిఫెన్స్ మొదట ఎవరి వల్ల కదిలింది? పాయింట్ గార్డువి కాబట్టి నీ పని ఎక్కువగా ఆ గడిలోనే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. 40 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో టీముకి 70 అటూ ఇటూ పొసెషన్లు వస్తాయి, అందులో పోస్ట్ ఆరుసార్లు ఆడారనుకో, ఒక్క బాస్కెట్ ఎక్కువ పడితేనే సగటు 0.33 పెరుగుతుంది. ఆరింటిని చూసి మీ సెంటర్‌కి బంతి ఇవ్వడం మానేయకండి, నాలుగైదు మ్యాచ్‌లవి కలిపాకే మాట్లాడుకోండి. నాకౌట్స్ ఈలోపే ఉంటే, అవతలి టీమ్ స్విచ్ చేస్తుందా లేదా అన్నది మొదటి క్వార్టర్లోనే చూసి బెంచ్‌లో ఒకరి చేత రాయించు.