ఇంట్లో మీడియా సర్వర్‌కు ఏ హార్డ్‌వేర్ తీసుకోవాలి?

పర్లాకిమిడిలోని ఇంట్లో సినిమాలు, పెళ్లి వీడియోలు ఒకేచోట ఉంచి టీవీలోనూ ఫోన్లలోనూ చూడడానికి పాత డెస్క్‌టాప్ చాలునా, కొత్తది కొనాలా అని అడిగారు. అది ట్రాన్స్‌కోడింగ్ (వీడియోను టీవీ, ఫోన్ చదవగల రూపంలోకి మార్చడం) అవసరాన్ని బట్టి తేలుతుంది.

టీవీ ఆ ఫైలును ఉన్నదున్నట్టు ప్లే చేయగలిగితే సర్వర్ దాన్ని పంపితే చాలు, పాత యంత్రమైనా సరిపోతుంది. కానీ టీవీ హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిని చదవలేకపోయినా, తెలుగు రాని ఒడియా కోడలి కోసం బొమ్మల రూపంలో ఉండే బ్లూరే సబ్‌టైటిళ్లను వీడియోలోనే కలపవలసి వచ్చినా, సర్వర్ అప్పటికప్పుడు వీడియోను మార్చి పంపాలి. ఈ భారాన్ని ఇంటెల్ చిప్‌లలో వీడియో మార్పిడి కోసమే ఉండే క్విక్ సింక్ అనే భాగం మోస్తుంది. రంగులను మరింత సూక్ష్మంగా చూపే 10 బిట్ హెచ్.265కు కనీసం 7వ తరం చిప్ కావాలి. మీ డెస్క్‌టాప్ అంతకంటే పాతదైతే, 2023లో వచ్చిన ఎన్100 చిప్, 8 జీబీ ర్యామ్ ఉన్న మినీ పీసీనే కొనమంటాను. రోజంతా నడిచినా కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు రుసుము కూడా లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీలో, వీడియోలను హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. గాలివానకు కరెంటు పోయే మన ప్రాంతంలో యూపీఎస్ తప్పనిసరి. మినీ పీసీతో పాటు బయటి డిస్క్ అడాప్టర్‌ను కూడా దానికే కలపాలి, లేకపోతే రాస్తున్న ఫైలు మధ్యలోనే డిస్క్ ఆగిపోతుంది. రెయిడ్ (ఒక డిస్క్ పాడైనా డేటా పోకుండా పలు డిస్క్‌లను కలిపి వాడే ఏర్పాటు) ఉన్నా పొరపాటున చెరిపినవి తిరిగి రావు కాబట్టి, పెళ్లి వీడియోలకు వేరే డిస్క్‌లో మరో ప్రతి తీసి విడిగా దాచండి.