గొంతులు తగ్గాయి, కానీ మనిషి మంచం దిగడం లేదు: ఇది చేసి చూడండి

స్కిజోఫ్రెనియా (ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్న మీ తమ్ముడికి మందులతో చెవిలో గొంతులు తగ్గినా స్నానం, మాట, పని ఏదీ లేదన్నారు. అది బద్ధకం కాదండీ. ఆసక్తి చచ్చిపోవడం స్కిజోఫ్రెనియాలో భాగమే. గొంతుల మీద పనిచేసినంతగా మందులు దీని మీద పనిచేయవు. మందుల మత్తు, డిప్రెషన్ కూడా కారణం కావచ్చు.

1. మందు మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. డాక్టర్ "ఎలా ఉన్నాడు?" అనగానే "గొడవేం లేదు, బాగానే ఉన్నాడు" అనేసి వచ్చేస్తారు. అలా కాకుండా వారం పాటు రాసిపెట్టండి: ఎన్నింటికి లేచాడు, మందు వేసుకున్నాక ఎంతసేపు మత్తుగా ఉన్నాడు, చేతులు వణికాయా, ఎవరితోనైనా మాట్లాడాడా. తనకు ఏం కావాలో తమ్ముణ్ణే అడిగి, అతని మాటల్లోనే రాయండి. ఆ కాగితం డాక్టర్ చేతికివ్వండి. డోసు గానీ వేళ గానీ మార్చాలా అన్నది ఆయన చూసి చెప్తారు.

3. ఈ మందులతో పెరగొచ్చు కాబట్టి బరువు, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలూ అడగండి.

4. రోజుకు ఒక్క చిన్న పని చాలు, అదీ తను ఎంచుకున్నదే. దయచేసి తిట్టకండి. ఇంట్లో దెప్పులు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

5. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.