మాడు తెగులుకి నిలబడింది కదా అని విత్తనానికి దాచకు

బాబూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలు చూశాను. ఎస్.కోట గరువులో (మెట్ట నేలలో) వేసిన బంగాళాదుంప, మంచు పట్టాక లేట్ బ్లైట్, అదే మాడు తెగులు, వచ్చి చాలావరకు మాడిపోయింది, మధ్యలో నాలుగు మొక్కలు మాత్రం నిలబడ్డాయి, వాటి దుంపలే వచ్చే ఏడు విత్తనానికి ఉంచుతానన్నావు. తొందరపడకు.

ముందు వాటి కింది ఆకులు చేత్తో పట్టుకుని చూడు. అంచులు పైకి చుట్టుకుపోయి, మెత్తగా కాకుండా గట్టిగా ఉండి, మొక్కని కదిపితే గలగలమంటున్నాయా? అయితే అది ఆకుచుట్టు వైరస్. ఆకులో తయారైన పిండిపదార్థం దుంపకి దిగే దారి ఆ వైరస్ వల్ల చెడిపోతుంది, అంతా ఆకులోనే పేరుకుపోతుంది, ఆ పెళుసుతనం అందుకే. రోగం విత్తనం దుంపతోనే వస్తే కింది ఆకులు ముందు చుట్టుకుంటాయి, ఈ ఏడే పేనుబంక (ఆకు రసం పీల్చే చిన్న పురుగు) తెచ్చిందయితే పై లేత ఆకులు.

తమాషా ఏటంటే, వైరస్ పట్టిన మొక్క ఆకులకి లేట్ బ్లైట్ కొంచెం తక్కువగా సోకుతుందని 1950ల్లోనే పరిశోధకులు గమనించారు. కాబట్టి నీ చేలో నిలబడ్డవి బలమైన మొక్కలని అనుకోవడానికి లేదు, అందరికంటే రోగిష్టివి అవే కావచ్చు. వాటినే దాచావంటే వచ్చే ఏడు చేనంతా నువ్వే చేతులారా వైరస్ నాటినట్టు.

పోనీ అన్ని తెగుళ్లూ తగ్గుతాయా అంటే అదీ లేదు. ఎర్లీ బ్లైట్ అని, కింది ఆకుల మీద వలయాలు వలయాలుగా గోధుమ రంగు మచ్చలు పడతాయి చూడు, అది నీరసించిన మొక్కనీ ముదిరిన ఆకునీ పట్టుకుంటుంది, వైరస్ మొక్కని తొందరగా ముసలిదాన్ని చేస్తుంది కాబట్టి దీని పని సులువైపోతుంది. అక్కడ మచ్చ చూసి మందు కొడతావు, అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది, డబ్బు దండగ.

ఇంకోటి, వైరస్‌లు రెండు కలిస్తే మరీ ప్రమాదం. బంగాళాదుంపకి ఎక్స్ అని, వై అని ఇంకో రెండు వైరస్‌లు ఉన్నాయి. ఎక్స్ వైరస్ ఒక్కటే ఉంటే చాలాసార్లు మొక్కలో ఏమీ కనపడదు, వై వైరస్ తోడైతే ఎక్స్ విపరీతంగా పెరిగి ఆకులు ముడుచుకుని గిడసబారిపోతాయి. ఎక్స్ చేతులతో, బట్టలతో, దుంప కోసే కత్తితో పాకుతుంది, అందుకే నేను చిన్న దుంపలు కోయకుండా నాటమంటాను. వై పేనుబంకతో వస్తుంది, అది ఆకుని క్షణాల్లో గుచ్చి అంటించేస్తుంది, పురుగు మందు పనిచేసేలోపే పని అయిపోతుంది. ఆకుచుట్టుకి మాత్రం పురుగు చాలాసేపు రసం పీల్చాలి, అక్కడ మందు కొంత ఉపయోగమే. పక్కనే మిరప, టమాటా వేసుంటే వాటి మీద కూడా ఓ కన్నేసి ఉంచు, వై వైరస్ వాటిలోనూ బతుకుతుంది.

వచ్చే ఏడు సర్టిఫైడ్ విత్తనమే కొను, బజారు దుంప వద్దు. మొలిచిన నెలలోపే చేనంతా తిరుగు, తేడాగా కనపడ్డ మొక్కని దుంపతో సహా పీకి బయట పడెయ్యి. అనుమానముంటే ఆమదాలవలస కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) వాళ్లకి ఆకు చూపించు, మొహమాటపడకు.

ఆ నాలుగు మొక్కల దుంపలు అమ్మకిచ్చి వేపుడు చేయించుకో. ఈ వైరస్ మనుషుల్ని ఏమీ చెయ్యదు, ఎండ తగిలి పచ్చబడ్డవి మాత్రం తీసెయ్యమను.

మీ మావయ్య